న్యాగుథి పేరున ఒక్క సీటు

అత్తగారు చెప్పులు కూడా కొనుక్కుని వచ్చేసింది.

నీలం రంగు రబ్బరు చెప్పులు. కెన్యా కొండల్లో ఈ న్యాహురూరు చలికి మందపాటి మేజోళ్ళు లేనిదే మంచం దిగని మనిషి, ఇవాళ మేజోళ్ళు విప్పేసి, ఆ చెప్పుల్లో పాదాలు దూర్చి, బొగ్గుల కుంపటి ముందు కూర్చుని కాలివేళ్ళు ఆడించి చూసుకుంటోంది. పక్కనే ఆమె నార సంచీ, మూతికి తాడు బిగించి ఉంది. ఒక్క పూటకు వచ్చిన మనిషి సంచీ కాదది.

గథోని గుమ్మంలోనే ఆగిపోయింది. బడి నుంచి తెచ్చిన పరీక్ష పేపర్ల కట్ట చంకలో అలాగే ఉంది.

"వచ్చావా? తలుపెయ్యి, చలి లోపలికొస్తోంది," అంది ముసలామె. "ఇవి ఇసకలో జారవంట. సంతలో అమ్మినావిడ ఒట్టేసి మరీ చెప్పింది. నువ్వు కొనుక్కున్నావా?"

"ఎవరి ప్రయాణం అత్తా?"

"ఎవరిదేంటి? గురువారం విమానం కదా. ఆఖరి నిమిషంలో మీరు నా కోసం పరుగులు పెట్టడమెందుకని ఇవాళే దిగాను. కోళ్ళను పక్కింటామెకు అప్పజెప్పాను. నిన్న చర్చిలో పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. విమానం ఎక్కబోయే తల్లి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు."

పాస్టరు దాకా వెళ్ళిందంటే ఊరు ఊరంతా తెలిసిపోయినట్టే.

తిరకాసు ఎక్కడ పడిందో గథోనికి వెంటనే అర్థమైంది. కనీసం అర్థమైందనుకుంది. ఆ ఇంట్లో న్యాగుథిలు ఇద్దరు. మొదటి కొడుక్కి తాత పేరు, మొదటి కూతురికి నాయనమ్మ పేరు. మా వైపు ఇళ్ళలో దీనికి తిరుగులేదు. పేరుతోపాటు ఆ మనిషే మళ్ళీ పుట్టినట్టు లెక్క. అందుకే గథోని మొగుడు మురీథి తొమ్మిదేళ్ళ కూతుర్ని "అమ్మా" అని పిలుస్తాడు. ముసలామె పదమూడేళ్ళ మనవడు కినూథియను నలుగురిలో "మా ఆయన" అంటుంది, వాడు సిగ్గుతో చచ్చిపోతాడు.

ఫోన్లో మురీథి "న్యాగుథి టికెట్టు వచ్చేసింది" అని ఉంటాడు. చిన్న న్యాగుథి సంగతి చెబితే పెద్ద న్యాగుథి తన సంగతే అనుకుని చెప్పులు కొనుక్కుంది. నవ్వొచ్చే విషయమే. కానీ ఆ నవ్వు తర్వాత ఈ ముసలిమనిషికి నిజం చెప్పేదెవరు?

గథోని వంటింట్లోకి వెళ్ళి మొగుడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి మోగుతుండగానే కట్ చేశాడు. అతని పశువుల దాణా కొట్లో బేరాలు ముమ్మరంగా ఉండే వేళ కాదది, మధ్యాహ్నం రెండు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. మురీథి ఫోన్ ఎత్తలేదంటే పనిలో ఉన్నాడని కాదు, ఏదో దాచాడని.

ఫ్లాస్కులోంచి టీ వంచి తెచ్చి అత్తగారి చేతికిచ్చింది. ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"అత్తా, ఒక మాట చెప్పాలి. తప్పుగా అనుకోకండి."

"ఆ ముక్క అన్నాక తప్పుగా అనుకోని మనిషిని నేనింతవరకు చూళ్ళేదు. చెప్పు."

"కంపెనీవాళ్ళు ఇచ్చింది నలుగురికే. జిల్లాలో దాణా బాగా అమ్మినందుకు మీ అబ్బాయికి బహుమానం. లాము దీవుల్లో నాలుగు రోజులు. ఫారం నింపింది నేనే. మేమిద్దరం, పిల్లలిద్దరు. ఆ న్యాగుథి మీరు కాదు అత్తా. పిల్ల."

ముసలామె టీ ఒక గుక్క తాగింది.

"పంచదార తక్కువేశావు," అంది.

"నేను చెప్పింది వినబడిందా?"

"వినబడింది. పంచదార తక్కువే."

గథోనికి ఎక్కడో కాలింది. నెమ్మదిగా చెబుదామనే కూర్చుంది. నిజంగానే అనుకుంది. కానీ ఈ మనిషి ఎదట కూర్చుని ఏ మాటా నెమ్మదిగా అనడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు.

"డెబ్బై దాటాక మీకు సముద్రం ఏంటత్తా? చర్చి మెట్లు ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి. పడవెక్కుతారా, నీళ్ళలో దిగుతారా? ఆ పిల్ల నెల్లాళ్ళనుంచి బకెట్లో తల ముంచి ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటోంది. ఈ చలిలో! జలుబు చేస్తుందే అంటే వినదు. ముప్పై అయిదు దాకా లెక్కపెట్టిందని నిన్న ఎగిరి గంతేసింది. దాని నోటి దగ్గరది లాక్కోవడానికి వచ్చారా మీరు? ఊళ్ళో అందరితో చప్పట్లు కొట్టించుకుని?"

అన్న తర్వాత నాలుక కరుచుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ముసలామె కప్పు కింద పెట్టింది. సంచీ తాడు విప్పింది. తీరిగ్గా, ఒక్కో ముడీ. బైబిలు బయటికి తీసి, అందులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాయితం తీసి కోడలి ఒళ్ళో పెట్టింది.

"చదువు. టీచరమ్మవు కదా."

గథోని చదివింది. నైరోబీ నుంచి మాండా. గురువారం. కింద ప్రయాణికుల పేర్లు నాలుగు. మూడు సరిగ్గానే ఉన్నాయి. నాలుగోది, మిసెస్ న్యాగుథి కినూథియ.

పిల్లదైతే న్యాగుథి పక్కన తండ్రి పేరు మురీథి ఉండాలి. కినూథియ మామగారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఇక ఆ మిసెస్ అన్న మాటకు రెండో అర్థం వెతకడానికి ఏమీ లేదు.

ఫారం కళ్ళముందు మెదిలింది. పేర్లకు నాలుగు గడులు. ఒక్కో గడిలో ఒక్కటే పేరు రాసింది. తన చేత్తో, తన గుండ్రటి అక్షరాలతో, నల్లబల్ల మీద రాసినంత పొందిగ్గా. పక్కన గుర్తింపు కాయితాలు జతచెయ్యమన్నారు. పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు నకలు కవర్లో పెట్టి మొగుడి చేతికిచ్చింది తనే. "అంటించేసి పంపెయ్," అంది కూడా.

"ఇది మీకెప్పుడిచ్చాడు?"

"రెండు వారాలైంది. చేత్తో పట్టుకుని చూసుకుంటానంటే ఇచ్చాడు. గథోనికి నేను చెబుతాను, నువ్వు తొందరపడకు అన్నాడు. చెప్పే ఉంటాడనుకున్నా."

"పిల్ల రాదన్న సంగతి మీకు తెలుసా?"

ముసలామె కుంపట్లోకి చూసింది.

"నలుగురికే అన్నప్పుడు ఆ లెక్క నాకూ వచ్చు."

బయట ఎవరిదో ఆవు అరిచింది. గథోని కాయితాన్ని తిరిగి కవర్లో పెట్టింది.

"మీరు రానంటే పిల్ల వెళ్తుందేమో. ఇవాళే కంపెనీవాళ్ళతో మాట్లాడితే..."

"వెళ్తుందేమో."

"మరి?"

"రానని అనను."

"అత్తా!"

"అననమ్మా. నువ్వెంత అరిచినా అనను. నీకు ఇసక, నీళ్ళు, ఫోటోలు. నేను దానికి పోవడంలేదు. విమానం దిగేది ఎక్కడో చూశావా అందులో?"

"మాండా. విమానాలు దిగే చోటు. అక్కణ్ణుంచి పడవలో లాముకి..."

"నా ప్రయాణం అక్కడే ఆగుతుంది. నేను మా అమ్మ కడుపులో ఉండగా తిరుగుబాటుదారుడని తెల్లవాళ్ళు మా నాన్నను లారీ ఎక్కించారు. సముద్రం మధ్యలో మాండా అనే చోట చెరలో పెట్టారని తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. ఆయన తిరిగి రాలేదు. శవం రాలేదు, ఉత్తరం రాలేదు. నేను పుట్టాక ఆయన తల్లి పేరు పెట్టారు నాకు. ఉంటే నన్ను అమ్మా అని పిలిచేవాడు. నీ కూతుర్ని వాళ్ళ నాన్న రోజుకు వందసార్లు పిలుస్తాడు, చూస్తుంటాగా. డెబ్బై రెండేళ్ళొచ్చాయి నాకు. ఒక్కసారి కూడా ఆ పిలుపు పడలేదు. పోయి ఆ ఇసకలో నిలబడి, నీ అమ్మ వచ్చిందిరా అని చెప్పి వస్తా. నా పేరుకి అర్థమేంటో తెలుసుగా, వెళ్ళే మనిషి. ఇన్నేళ్ళలో ఎక్కడికెళ్ళాను చెప్పు? సంతకీ, చర్చికీ."

గథోని కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మకే ఆమెకు ఒళ్ళు మండింది. పద్నాలుగేళ్ళు అన్నం వండిపెట్టిన ఇంట్లో ఇంత సంగతి ఒక్కరూ తనతో అనలేదు. ఇవాళ అన్నారు, అదీ తన పిల్ల సీటు లాక్కున్న తర్వాత. ఈ ముసలామెను మనసారా తిట్టుకునే హక్కు కూడా లేకుండా చేశారు.

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడడిగావు?"

ముసలామె మేజోళ్ళు తొడుక్కోవడం మొదలుపెట్టింది. కాళ్ళు మంచు ముద్దల్లా ఉన్నాయని సణుక్కుంది.

* * *

మురీథి అయిదింటికి వచ్చాడు. చేతిలో కాయితం పొట్లంలో వేడి మందాజీలు, నూనెలో వేయించిన తియ్య రొట్టెలు. అపరాధం చేసిన రోజున అతను మందాజీలు తెస్తాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఆ రొట్టెల మీద ఇష్టం లేకపోవడానికి అదొక కారణం.

గుమ్మంలో తల్లి సంచీ చూసి ఆగాడు. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి, ఆవుకు నీళ్ళు పెట్టాలంటూ పెరట్లోకి నడిచాడు. గథోని వెనకే వెళ్ళి కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఫోనెత్తవేం?"

"బేరంలో ఉన్నా."

"ఏం బేరం? ఇంకెవరిని అమ్ముతున్నావు?"

అతను బకెట్టు అందుకోబోయాడు. ఆమె కాలితో పక్కకు తోసింది.

"చూడు గథోనీ, నేను నీకు ఒక్క అబద్ధం చెప్పానా? న్యాగుథి టికెట్టు వచ్చిందా అన్నావు. వచ్చిందన్నాను. న్యాగుథికి కిటికీ పక్క సీటేనా అన్నావు. అవునన్నాను."

"అబద్ధం చెప్పినా బావుండేది. అబద్ధమాడినవాణ్ణి పట్టుకోవచ్చు. నిన్నెక్కడ పట్టుకోను?"

"ఫారంలో ఒక్క అక్షరం మార్చలేదు."

"ఎందుకు మారుస్తావు? నా చేతే రాయించుకున్నావుగా. నా పిల్లను నా చేత్తోనే కొట్టేయించావు."

మురీథి నీళ్ళు నమిలాడు. మొదట తనకా ఆలోచనే లేదన్నాడు. ఫారంతోపాటు వచ్చిన ప్రయాణం వివరాల్లో మాండా అని చూశాడట. చిన్నప్పటి నుంచీ తల్లి నోట విన్న మాట. కొట్లో కూర్చుని కవరు అంటించబోతూ ఆ మాట దగ్గరే ఆగిపోయాడట. సాయంత్రం ఊరెళ్ళి తల్లిని గుర్తింపు కార్డు అడిగాడట. ఎందుకురా అంటే చెప్పాడట. ఆమె ఏడ్చిందట. ఇక ఆ తర్వాత తనవల్ల కాలేదట.

"కవర్లో ఒక కాయితం తీసి ఇంకో కాయితం పెట్టాను. అంతే. పేరు అదే కదా అనిపించింది ఆ క్షణంలో. అమ్మ వెళ్తే అమ్మ వెళ్ళినట్టే కదా అని."

"అలాగా. మరి కినూథియ కాయితం ఎందుకు తియ్యలేదు? వాడి బదులు మీ అమ్మను పంపొచ్చుగా."

"వాడి పేరు గడిలో ఉంది కదా. కార్డు వేరే పేరున ఉంటే ఒప్పుకోరు." నేలచూపులు చూస్తూ అన్నాడు, "వాడి పేరుతో బతికున్న మనిషి ఇంకొకరు లేరు."

గథోని నవ్వింది. ఆ నవ్వు ఆమెకే బాగా అనిపించలేదు.

"అంటే నా కూతురు చేసిన తప్పు, బతికున్న మనిషి పేరు పెట్టించుకోవడం."

"అలా అనకు."

"ఇంకెలా అనను? సరే, నా సీటు దానికివ్వు. నేను ఇంట్లో ఉంటా. నాకే సముద్రాలూ వద్దు."

"పేర్లు మార్చే గడువు శుక్రవారంతో అయిపోయింది. కనుక్కున్నా."

"ఎప్పుడు కనుక్కున్నావు?"

అతను చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"శనివారం కనుక్కున్నావు. అంతేనా? అయిపోయేదాకా ఆగి, అయిపోయాక అడిగావు. నీ అంత మంచివాడు ఈ న్యాహురూరులో లేడయ్యా. ఎవరినీ కాదనవు. అందరికీ అవునే."

"నేను మానేస్తే మిగతా ముగ్గురివీ చెల్లవు, బహుమానం నా పేరున కాబట్టి. లేకపోతే నేనే మానేసేవాణ్ణి."

"ఈ మాట కూడా గడువు అయిపోయాకే అంటావు."

కొట్టంలో ఆవు తల తిప్పి ఇద్దర్నీ చూసి మళ్ళీ గడ్డిలోకి మూతి పెట్టింది. మురీథి గొంతు తగ్గించాడు. లోపల తల్లి ఉంది.

"పిల్లకు ముందు బోలెడంత బతుకుంది. వచ్చే ఏడు తీసుకెళ్తాను, అప్పు చేసైనా. అమ్మకు వచ్చే ఏడు ఉందో లేదో. అర్థం చేసుకో."

"ఇదే మాట నెలకిందట చెప్పుంటే నేనే ఒప్పుకునేదాన్ని."

"ఒప్పుకునేదానివి కాదు."

ఒప్పుకునేదాన్నే అని అరవాలనిపించింది గథోనికి. కానీ అది నిజమో కాదో ఆమెకే తెలియదు. జవాబు తెలియనప్పుడల్లా ఆమె నోట పాత సంగతులే బయటికొస్తాయి.

"మీ అమ్మ ఈ ఇంట్లో రెండుసార్లు ఉంది మురీథీ. మా అమ్మ ఒక్కసారీ లేదు. రెండో ఆడపిల్ల పుడితే వమైత అని మా అమ్మ పేరు పడేది. ఇద్దరు చాలన్నావు, ఊరుకున్నా. మా అక్కలు ఇప్పటికీ అడుగుతారు, అమ్మనింకా కనలేదేమే అని. నవ్వేసి ఊరుకుంటా. రెండుసార్లున్న మనిషి కోసం, ఆ రెండింట్లో నాకు మిగిలిన ఒక్కదాన్నీ తోసేశావు."

"ఇప్పుడా సంగతెందుకు?"

"నువ్వెప్పుడూ ఇదే అంటావు. ఇప్పుడెందుకు, ఇప్పుడెందుకు. నీకు ఏ సంగతికీ వేళ రాదు."

మురీథి బకెట్టు నిలబెట్టాడు. నీళ్ళు పోయలేదు. కాసేపు దాని పిడి పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. మనిషి ఈ నెల్లో బాగా చిక్కిపోయాడని గథోని అప్పుడే గమనించింది. జాలిపడటానికి ఇష్టంలేక మొహం తిప్పుకుంది.

"పిల్లకు ఎవరు చెబుతారు?" అంది.

"నువ్వు టీచరువి. చెప్పడం నీకు వచ్చు."

"నేను చెప్పను. ఇది నువ్వు చెయ్యాల్సిన పని. నేను పక్కనుంటా, అంతే."

సరేనన్నట్టు తలాడించాడు. అతను తలాడించడం ఆమె ఎన్నోసార్లు చూసింది.

* * *

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ రోజు బడిలో తరగతి గదులు కడిగే వంతు వాళ్ళది, గౌను అంచులు తడిసి కాళ్ళకు అతుక్కున్నాయి. గుమ్మంలో నాయనమ్మను చూడగానే సంచీ ఒక మూలకు విసిరేసి మెడకు చుట్టుకుపోయింది.

"అవ్వా! నన్ను పంపించడానికి వచ్చావా?"

ముసలామె చెయ్యి పిల్ల వీపు మీద సగంలో ఆగింది.

"నీకు గవ్వలు తెస్తా అవ్వా. సంచీ నిండా తెస్తా. అక్కడ దార్లో కార్లుండవంట, అన్నీ గాడిదలేనంట. మా టీచరు చెప్పింది. నేను గాడిదెక్కి ఫోటో దిగి నీకు పంపిస్తా. కినూథియన్న హాస్టలు బడి నుంచి బుధవారం వస్తాడు కదమ్మా? వాడు భయపడతాడు చూడు విమానంలో. నేను భయపడను."

మురీథి పొట్లం విప్పి మందాజీ ఒకటి తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

"తిను, అమ్మా. వేడిగా ఉంది."

గథోని ఎదురుచూసింది. అతను ఇంకో మందాజీ తీసి తల్లికిచ్చాడు. మూడోది భార్య ముందు పెట్టాడు. తర్వాత పొట్లం కాయితాన్ని మడవడం మొదలుపెట్టాడు. నాలుగు మడతలు. ఎనిమిది. ఇంకా మడుస్తూనే ఉన్నాడు.

"మురీథీ," అంది గథోని.

"ముందు తిననీ."

"నాన్నా, కిటికీ పక్కన కూర్చుంటే దీవులన్నీ ఒకేసారి కనబడతాయా, ఒక్కొక్కటే కనబడతాయా?"

"అన్నీ కనబడతాయమ్మా," అన్నాడు మురీథి.

ఆ ఒక్క మాటతో గథోనికి ఓపిక పోయింది. కావాలని అన్నాడో, అలవాటుకొద్దీ వచ్చేసిందో, ఆమె ఆలోచించలేదు. ముందుకు వంగి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఒక చేతిలో మందాజీ ఉంది, నూనె అంటింది.

"బంగారూ, ఇటు చూడు. టికెట్టు అవ్వది. నీది కాదు."

"న్యాగుథి అని ఉంది కదా? నాన్న చెప్పాడు."

"ఉంది. ఆ న్యాగుథి అవ్వ. నాకూ ఇవాళే తెలిసింది."

పిల్ల తల్లిని చూడలేదు. తండ్రిని చూసింది.

"నాన్నా?"

"వచ్చే ఏడు మనిద్దరం వెళ్దాం. ఒట్టు. అవ్వకు అక్కడ పనుందమ్మా, పెద్ద పని. నీకు తర్వాత చెబుతా..."

పిల్ల ఏడుస్తుందని ముగ్గురూ అనుకున్నారు. ఏడుపుకైతే ముగ్గురి దగ్గరా ఏదో ఒక సిద్ధమైన మాట ఉంది. పిల్ల ఏడవలేదు. మందాజీని పళ్ళెంలో పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుని, నాయనమ్మ వైపు తిరిగింది.

"అవ్వా, నీకు ముందే తెలుసా?"

"తెలుసు," అంది ముసలామె. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు, అందులోనూ ఆ పిల్లతో.

"నేను వెళ్ళట్లేదని కూడా?"

"ఆ. అదీ తెలుసు."

"అయితే ఆ పేరు నువ్వే ఉంచుకో," అంది పిల్ల. గొంతు పెద్దది చెయ్యలేదు. "నాకొద్దు. నన్నెవరూ దాంతో పిలవొద్దు. రేపు బళ్ళో కూడా చెప్పేస్తా, హాజరు పట్టీలో కొట్టెయ్యమని."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినబడింది.

ముసలామె మొహం పాలిపోయింది. మా మనుషుల్లో పిల్లలు అన్నం వద్దంటారు, బడి వద్దంటారు, ఒక్కోసారి తల్లిదండ్రుల్నే వద్దంటారు. పెట్టిన పేరు వద్దన్న పిల్లను ఆమె తన డెబ్బై రెండేళ్ళలో చూడలేదు. తను పోయాక కూడా ఆ పిల్లలో ఉంటానని ఇన్నేళ్ళూ ధీమాగా ఉన్న మనిషి. చేతికర్ర వెతుక్కుంది, దొరకలేదు, కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"న్యాగుథీ!" అని పిలిచింది.

తలుపు అవతల ఉలుకూ పలుకూ లేదు.

"న్యాగుథీ! ఇటు రావే. నేను చెప్పేది విను."

మళ్ళీ అంతే.

గథోనికి ఏడుపు రావాల్సింది. రాలేదు. లోపల ఎక్కడో చల్లగా, హాయిగా ఉంది. తను పద్నాలుగేళ్ళుగా అనలేనిది, అనాలని నోటిదాకా తెచ్చుకుని మింగేసింది, ఆ పిల్ల రెండు ముక్కల్లో అనేసింది. అత్తగారు లేవలేక కూలబడటం చూస్తూ సంతోషపడుతున్నానని తెలిసేసరికి ఆమెకు తనమీద తనకే భయం వేసింది.

"గురువారం నేను రాను," అంది మొగుడితో. "నువ్వూ, మీ అమ్మా, కినూథియా వెళ్ళండి. దాన్ని ఒంటరిగా వదిలి ఎక్కడికీ రాను."

"ఇప్పుడా సంగతి..." అని మొదలుపెట్టి మురీథి ఆగిపోయాడు. "ముందు దాన్ని బయటికి రమ్మను. నువ్వు పిలిస్తే వస్తుంది."

"నేను పిలవను. నువ్వు పిలువు."

మురీథి లేచాడు. గది తలుపు దాకా నడిచి చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. లోపల పిల్ల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు సన్నగా వినబడుతోంది. అతను నోరు తెరిచాడు.

తొమ్మిదేళ్ళుగా కూతుర్ని పిలవడానికి అతని దగ్గర ఉన్నవి రెండే మాటలు. ముద్దొస్తే అమ్మా, కోపమొస్తే న్యాగుథీ. రెండూ వెనక కుర్చీలో కూర్చుని కొడుకు వైపే చూస్తున్న మనిషివి.

"పిలువు," అంది గథోని వెనకనుంచి. "ఏమని పిలుస్తావో నేనూ వింటాను."

మురీథి తలుపు మీద చెయ్యి తియ్యలేదు. మాట కూడా రాలేదు.